మీకు తెలుసా? కంప్యూటర్‌లోనూ ఓ గౌతమి ఉంది!

ధవళేశ్వరం దాటగానే గోదావరి గౌతమి, వశిష్ఠ అనే పాయలుగా చీలుతుంది. ఆ గౌతమి పేరే ఓ తెలుగు ఫాంట్‌కీ ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే ‘గౌతమి’ ఫాంట్ వచ్చింది.

• ఎక్స్‌పీకి ఎంతో ముందే, కిటికీలు, బొమ్మలు, మౌస్‌తో నడిచే తెర 1973 నాటి జెరాక్స్ ఆల్టో కంప్యూటర్‌లోనే ఉంది. ఆపిల్ మెకింటోష్ 1984లో, విండోస్ తొలి రూపం 1985లో వచ్చాయి.

• ఆ తొలి విండోస్‌లో ప్రోగ్రాముల కిటికీలు ఒకదాని మీద ఒకటి పడేవి కావు, పక్కపక్కనే సర్దుకునేవి.

• 1991లో వెలువడిన యూనికోడ్ అనే ఉమ్మడి సంకేతాల పట్టిక తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అంతకుముందు ఒక్కో ఫాంట్‌దీ ఒక్కో పద్ధతి. ఒకదానిలో కొట్టిన వార్త మరోదానిలో తెరిస్తే పిచ్చి గీతలే కనిపించేవి.

• విండోస్ 2000లో హిందీకి, తమిళానికి చోటు దక్కింది. తెలుగు వంతు మాత్రం ఎక్స్‌పీతోనే వచ్చింది. ఎక్స్‌పీలో కన్నడ ఫాంట్ పేరు కూడా నదిదే: తుంగ.

• ‘గోదావరి’ మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కు మాత్రం ఏడు సంకేతాలు: గ, ఓత్వం, ద, దీర్ఘం, వ, ర, గుడి. వాటిని కలిపి సరైన రూపంలో చూపే ఏర్పాటు ఉంటేనే మన లిపి తెర మీద నిలుస్తుంది.

• ఎక్స్‌పీలో ఆ ఏర్పాటును కంట్రోల్ ప్యానెల్‌కు వెళ్లి, సీడీ పెట్టి విడిగా ఎక్కించుకోవాల్సి వచ్చేది. నేడు ఫోన్‌లో తెలుగు చదవడం ఇంత తేలికైందంటే, దాని వెనుక ఇన్నేళ్ల శ్రమ ఉంది.