ఇస్తేనే తీసుకోవాలి: టొరెంట్ సూత్రం, సూరత్ పొగగొట్టాలు

గుజరాత్‌లోని సూరత్‌లో బట్టలకు రంగులద్దే మిల్లులు వందల్లో ఉన్నాయి. వాటి బాయిలర్లలో ఎక్కువగా మండేది బొగ్గు, లిగ్నైట్. పొగతోపాటు వెలువడే సన్నని ధూళి కణాలు ఊపిరితిత్తులకు, గుండెకు చేటు చేస్తాయి. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్ళి అక్కడే స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలు పీల్చేదీ ఆ గాలే.

పొగను వడకట్టే పరికరాలు ఉన్నాయి. అయితే వాటిని నడిపే ఖర్చు మిల్లు యజమానిది, శుభ్రమైన గాలి ఊరందరిది. పక్క మిల్లు నడపకపోతే నేనెందుకు నడపాలి అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది.

ఇంటర్నెట్‌లో ఫైళ్ళు పంచుకునే నెట్‌వర్కులకూ ఇదే చిక్కు ఎదురైంది. 2000లో ఈటన్ ఆడార్, బెర్నార్డో హ్యూబర్‌మన్ అనే పరిశోధకులు గ్నూటెల్లా నెట్‌వర్కును పరిశీలించారు. దాదాపు 70 శాతం మంది ఒక్క ఫైలునూ ఇతరులకు ఇవ్వడం లేదని తేలింది. అన్వేషణలకు వచ్చిన జవాబుల్లో దాదాపు సగం 1 శాతం కంప్యూటర్ల నుంచే వచ్చాయి.

2001లో బ్రామ్ కోహెన్ రూపొందించిన బిట్‌టొరెంట్ దీనికి ఒక ఉపాయం చూపింది. అందులో ఫైలు చిన్న ముక్కలుగా విడిపోతుంది. ప్రతి కంప్యూటరూ తన దగ్గరున్న ముక్కలను ఇస్తూ, లేని వాటిని తెచ్చుకుంటుంది. తనకు వేగంగా ఇస్తున్న కొద్దిమందికే అది తిరిగి ఇస్తుంది. ఎవరికి ఇవ్వాలన్నది కొన్ని క్షణాలకొకసారి సరిచూసుకుంటుంది. ఇవ్వడానికి ఇంకా ఏమీ లేని కొత్తవారి కోసం అప్పుడప్పుడూ ఒకరికి ఊరికే అవకాశం ఇస్తుంది. ఇవ్వనివారికి వేగం తగ్గిపోతుంది కాబట్టి ఇవ్వడమే లాభసాటి అవుతుంది.

గాలి విషయంలో ఈ ఉపాయం పారదు. పొగ వదిలే మిల్లు యజమానికి మంచి గాలిని ఆపేసే మార్గం ఎవరి దగ్గరా లేదు. అందుకే ఇచ్చిపుచ్చుకోవడాన్ని కృత్రిమంగా ఏర్పాటు చేయాలి. గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో సూరత్‌లో ఆ పనే చేసింది. మైఖేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయన్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు ఇందులో పాలుపంచుకున్నారు. ధూళి కణాలకు ప్రపంచంలోనే తొలి మార్కెట్‌గా దీన్ని పేర్కొంటారు.

ఇందులో మిల్లులన్నీ కలిపి ఎంత ధూళి వదలవచ్చో ముందే పరిమితి పెడతారు. ఆ మేరకు అనుమతులు పంచుతారు. తక్కువ వదిలిన మిల్లు మిగిలిన అనుమతులు అమ్ముకోవచ్చు, ఎక్కువ వదిలినది కొనుక్కోవాలి. కొనకపోతే ముందే కట్టిన డిపాజిట్‌లో కోత పడుతుంది.

ఈ లెక్కంతా కొలతపైనే ఆధారపడి ఉంది. పొగగొట్టంలో అమర్చిన పరికరాల్లో కొన్ని కణాల వల్ల చెదిరే కాంతిని, కొన్ని కణాల మీది విద్యుదావేశాన్ని గుర్తిస్తాయి. ఆ సంకేతాన్ని కిలోల్లోకి మార్చాలంటే గొట్టంలోంచి నమూనా తీసి, తూచి, సరిపోల్చాలి. తూకం తప్పితే మార్కెట్టూ తప్పుతుంది.

మార్కెట్ నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడానికి 317 మిల్లులను లాటరీ పద్ధతిలో విడదీశారు. 162 మిల్లులు మార్కెట్లో చేరగా, 155 పాత నిబంధనల కిందే ఉన్నాయి. కొలిచే పరికరాలు రెండు వర్గాల్లోనూ ఉన్నాయి కాబట్టి, తేడా కనిపిస్తే అది మార్కెట్ వల్లనే అనుకోవచ్చు.

మార్కెట్‌లోని మిల్లుల్లో ధూళి 20 నుంచి 30 శాతం తగ్గిందని 2025లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో వెలువడిన అధ్యయనం తెలిపింది. కాలుష్యం తగ్గించే ఖర్చు కూడా 11 శాతం తగ్గింది. ఈ మిల్లులు 99 శాతం సందర్భాల్లో తగినన్ని అనుమతులు చూపాయి. పాత పద్ధతిలోని మిల్లులు మాత్రం కనీసం మూడింట ఒక వంతు సార్లు పరిమితిని దాటాయి.

ఒక జాగ్రత్త అవసరం. మార్కెట్ మొత్తం ధూళికే హద్దు పెడుతుంది. ఏ గొట్టం నుంచి ఎంత వస్తుందో అది నిర్ణయించదు. అనుమతులు కొనుక్కున్న మిల్లు పక్కన ఉండేవారికి ఊరట తక్కువగానే దక్కవచ్చు. సూరత్ తర్వాత గుజరాత్ ఇదే పద్ధతిని అహ్మదాబాద్‌కు విస్తరించింది. ఇతర నగరాలు దీన్ని చేపట్టే ముందు పరిమితి ఎంత, కొలత ఎంత నిక్కచ్చి, గొట్టాల పక్కన ఎవరుంటున్నారు అన్నవి చూసుకోవాలి.