మించుట - మీరుట : ఒక క్రియాపదంతో కొన్ని వాక్యములు

కార్యాలయములో సీనియారిటీ జాబితా వెలువడిన రోజున ఎవరు ఎవరికి పైన, ఎవరు ఎవరికి కింద అన్న లెక్కలు ఎంత చురుకుగా సాగుతాయో పాఠకులకు వేరుగా చెప్పనవసరం లేదు. ఆ లెక్కను ఒక్క క్రియాపదములో చెప్పవలసి వస్తే తెలుగువాడు కాసేపు తడుముకొంటాడు. ‘హోదాలో మించు’, ‘పై స్థాయిలో ఉండు’, ‘కంటె పెద్ద’ - ఇవన్నీ ఉన్నవి, కాని ఏ ఒక్కటీ అన్ని చోట్లా ఒదగదు.

ఈ విషయం మాకు జంషెడ్‌పూర్‌లోని బిర్సానగర్‌లో మా బంధువుల ఇంట తట్టింది. బిర్సా ముండా (1875-1900) పేరిట వెలసిన ఆ కాలనీలో జనం తమ చిరునామాలను జోన్ సంఖ్యలతో చెప్పుకొంటారు. 1912లో తొలి ఉక్కు దిమ్మె వెలువడిన ఆ పట్టణానికి ఉత్తరాంధ్ర జిల్లాల నుండి బ్రతుకుతెరువుకై వెళ్ళిన కుటుంబాలెన్నో. వారి పిల్లలు బడిలో హిందీ, వీధిలో హిందీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతారు. ఆ ఇంటి బాలిక భద్రతా వారోత్సవ పోటీకై తెలుగులో ఒక నినాదం వ్రాసి మాకు చూపినది. ‘ఉత్పత్తిని మించిన భద్రత లేదు’ అని దాని పాఠం.

చూడగానే బాగున్నట్లే తోస్తుంది. నిదానించి చదివితే, ఉత్పత్తియే అన్నిటికన్న గొప్పదనీ, భద్రత దానికి లోబడి ఉండవలెననీ అర్థం! ఆమె చెప్పదలచినది ‘భద్రతను మించిన ఉత్పత్తి లేదు’ అని. “పెదనాన్నగారూ, రెండింటిలోనూ మాటలు అవేగదా?” అని ఆమె అడిగినది. మాటలు అవే. విభక్తి ప్రత్యయం ఒక మాట నుండి మరొక మాటకు మారినది, అంతే. ‘ని’ గాని ‘ను’ గాని ఏ మాటకు చేరునో, లేదు అన్న వాక్యములో ఆ మాటదే పై పీట. పోటీకి పంపే ముందు నినాదం సరిచేసుకొన్నది.

హిందీలో ‘సే బఢ్‌కర్’ అన్నప్పుడు ‘సే’ చేసే పనిని తెలుగులో ‘కంటె’ చేస్తుంది. మన వ్యాకరణములో వలన, కంటె, పట్టి అన్నవి పంచమీ విభక్తి. అందువలన అక్కడి పిల్లలు ‘భద్రత కంటె మించిన’ అని అలవోకగా అనేస్తారు. ‘అంతకంటె మించి’ అని మనమూ అంటూనే ఉంటాము కనుక దీనిని తప్పుపట్టుట మాకు ఇష్టం లేదు. అయితే ‘గురువును మించిన శిష్యుడు’ అన్నప్పుడు ఉన్న బిగువు ఇందులో లేదు.

‘మించు’ మరొక విభక్తితోనూ పొసగుతుంది. ‘శక్తికి మించిన పని’, ‘తలకు మించిన భారం’ - ఇక్కడ షష్ఠి ‘కు’ వచ్చినది. వ్యక్తిని వ్యక్తితో పోల్చునపుడు ‘ను’, హద్దును చెప్పునపుడు ‘కు’ వాడుట ఎక్కువ. ‘క్రేన్ సామర్థ్యానికి మించిన బరువు ఎత్తరాదు’ అన్న బోర్డులో హోదా ప్రసక్తి లేదు, హద్దు మాత్రమే ఉన్నది.

దీనికి సోదర క్రియ ‘మీరు’. గురువును మించినవాడు ప్రశంసకు పాత్రుడు, గురువు మాట మీరినవాడు నిందకు పాత్రుడు. హద్దు మీరుట, మితిమీరుట, ఆజ్ఞ మీరుట - అన్నీ దోషములే. ఇక ‘అధిగమించు’ చివర ‘మించు’ వినిపించుట కేవలం కాకతాళీయం. అది సంస్కృత ‘అధి’కి ‘గమించు’ చేరి వచ్చినది. రహదారిపై ఒక వాహనం మరొక దానిని అధిగమిస్తుంది, అంతమాత్రాన హోదాలో మించదు. (మా కార్యాలయపు జీపు డ్రైవర్లు దీనిని అంగీకరించరు.)

హోదా విషయములో ఈ క్రియకు మంచి పరీక్ష మన దేశపు ప్రాధాన్య క్రమ పట్టిక. 1979 జూలై 26న రాష్ట్రపతి సచివాలయం ప్రకటించిన ఆ పట్టికలో రాష్ట్రపతిది 1వ స్థానం, ఉపరాష్ట్రపతిది 2, ప్రధానమంత్రిది 3. గవర్నరుకు తన రాష్ట్రములో 4వ స్థానం, రాష్ట్రం దాటితే 8వది. కేంద్ర కేబినెట్ మంత్రులది 7. కావున ‘జార్ఖండ్‌లో జార్ఖండ్ గవర్నరు హోదాలో కేంద్రమంత్రిని మించును’ అన్న వాక్యం సరియైనది. అదే గవర్నరు ఒడిశాలో ఒక సభకు వెళ్ళితే కర్త, కర్మ తారుమారు కావలసి ఉంటుంది. ఆ పట్టిక ప్రభుత్వ లాంఛనములకే గాని దైనందిన పరిపాలనకు వర్తించదు.

కర్మాగారములో వరుస వేరు. విద్యుత్తు ఆపి, తాళం వేసి, పర్మిట్ తీసుకొని లైనుపై పని చేయుచున్న టెక్నీషియన్ తిరిగి అప్పగించనంత వరకు ఎంతటి అధికారి వచ్చినా ఆ స్విచ్ వేయించరాదు. జీతములో, హోదాలో, కుర్చీలో జనరల్ మేనేజరు అతనిని మించినవాడే. ఆ గంటలో మాత్రం అతని చేతనున్న కాగితమును మించిన సంతకం లేదు. ఈ వాక్యములో ‘ను’ ఎక్కడ చేరినదో పిల్లల చేత గుర్తింపజేయవచ్చును.

‘పెద్ద’ అన్న మాట మరింత చిక్కు. వయసులో పెద్ద, వరుసలో పెద్ద, ఉద్యోగములో పెద్ద - తెలుగులో మూడింటికీ ఒకటే మాట. ముప్పదేళ్ళ అధికారి కింద యాభై ఎనిమిదేళ్ళ ఫోర్‌మన్ పని చేయునపుడు ఎవరు పెద్ద? ఉభయులూ ఒకరినొకరు ‘గారు’ అని పిలుచుకొనుట మా విభాగములో ఎన్నేళ్ళుగానో ఉన్న పద్ధతి.