ఆటస్థలంలో అందరికీ చోటు

వ్యాయామం చదువులో భాగమని విద్యావేత్తలు ఏనాడో అంగీకరించారు. కాని ఆ చదువు అందరికీ అందుతున్నదా? ఆటల గంట మోగగానే పిల్లలు మైదానానికి పరుగెత్తుతారు. కాలు వంగిన విద్యార్థి, చూపులేని విద్యార్థి మాత్రం చెట్టు నీడన కూర్చుని తోటివారి పుస్తకాల సంచులకు కాపలా కాస్తారు. వారిని ఎవరూ నిందించరు; ఆడమని అడగరు కూడ. దయ పేరిట జరిగే ఈ వెలివేతకు విరుగుడుగా రూపొందినదే అనుకూల వ్యాయామ విద్య.

ఈ విద్యను బోధించే ఉపాధ్యాయుడు ఆటనే విద్యార్థికి తగినట్లు మలుస్తాడు. బంతి, బరి, నియమం, సమయం - వీటిలో ఒక్కటి మారినా ఆట తలుపు తెరుచుకుంటుంది. అంధుల క్రికెట్టే ఇందుకు నిదర్శనం. గట్టి ప్లాస్టిక్ బంతిలో చిన్న లోహపు గుండ్లు ఉంటాయి. బౌలరు చేతిని కిందుగా ఊపి దానిని నేలబారుగా విసురుతాడు. గలగల శబ్దాన్నిబట్టి బ్యాట్స్‌మన్ దాని రాకను పసిగడతాడు. చేతుల కదలిక అదుపులో లేనివారికి బోచియా ఉన్నది. గురిబంతికి దగ్గరగా తమ బంతులను చేర్చడమే అందులోని నేర్పు. చేత్తో విసరలేనివారు వాలుపలక మీదుగా దొర్లించవచ్చు.

మార్చడమంటే తేలిక చేయడమని కొందరు భావిస్తారు. అది పొరపాటు. ఎవరికి ఏది ప్రమాదకరమో తెలియకుండా చేసిన మార్పు అపకారమే అవుతుంది. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలలో కొందరికి మెడ ఎముకల కీలు బలహీనంగా ఉంటుంది. వైద్యుని సలహా లేకుండా వారిచేత పిల్లిమొగ్గలు వేయించరాదు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో ఈ ఎరుక మరింత అవసరం. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడేవరకు ఈ మూడు పట్టణాలూ నల్లగొండ జిల్లాలోనివే. ఆ జిల్లా పేరు వినగానే ఫ్లోరోసిస్ గుర్తుకు వస్తుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండరాదు. ఆ హద్దు దాటిన నీరు ఏళ్ల తరబడి తాగితే కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది. జిల్లా అంతటా ఈ వ్యాధి ఒకే తీరుగా లేదు. మర్రిగూడ వైపు పల్లెలు ఎక్కువగా నష్టపోయాయి. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలాలను ఇంటింటికీ చేర్చ సంకల్పించింది. మంచినీరు కొత్త తరాన్ని కాపాడగలదు కాని, వంగిన ఎముకను నిలబెట్టలేదు. అట్టి విద్యార్థికి దూకుడు, గెంతులు తగవు. కూర్చుని ఆడే బంతి ఆటలు, చేతులకు బలమిచ్చే కసరత్తులు తగును.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉన్నది. అమెరికా 1975లోనే ప్రత్యేక విద్యా చట్టంలో వ్యాయామ విద్యను పేరు పెట్టి చేర్చింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, క్రీడా కార్యక్రమాలను వారికి అనువుగా పునర్వ్యవస్థీకరించాలని నిర్దేశించింది. ఆచరణ ఇంకా వెనుకబడే ఉన్నది. మన బడులలో ఈ పనికై ప్రత్యేక ఉపాధ్యాయుడు కనిపించడం అరుదు. మండల స్థాయిలోని భవిత కేంద్రాలు కొంత చేయూతనిస్తాయి. మిగిలిన భారమంతా పిల్లలు డ్రిల్లు మాస్టారని పిలుచుకొనే ఆ ఒక్కరిదే. అరవై మందికి ఒకేసారి ఆట నేర్పుతూ, పక్కన కూర్చున్న ఒక్కరిని పిలవడం సామాన్యమైన పని కాదు.

పిలిస్తే ఏమవుతుందో వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి చూపింది. మేధోవైకల్యంతో జన్మించిన ఆమె బాల్యంలో ఊరివారి హేళనకు గురైంది. ఆమె పరుగులోని వేగాన్ని మొదట గుర్తించినది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. అనంతరం నాగపురి రమేష్ శిక్షణలో రాటుదేలి, 2024 మే నెలలో జపానులోని కోబేలో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి నాటికి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. అదే సంవత్సరం సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్య పతకం అందుకొన్నది.