సంతానం కోసం వస్తే మగవారి తలకు పరీక్ష ఎందుకు?

పిల్లలు కలగలేదని వచ్చిన దంపతులలో భర్తకు కూడా వీర్య పరీక్ష, రక్త పరీక్ష రాస్తారు. కొందరికి తలకు స్కానింగు కూడా అవసరమవుతుంది. "సంతానానికీ తలకూ ఏం సంబంధం సిస్టర్?" అని పెద్దవాళ్ళు అడుగుతుంటారు. సంబంధం ఉందమ్మా.

మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది గంటన్నర, రెండు గంటలకొకసారి కొద్దిగా ఒక హార్మోనును వదులుతుంది. దాని కిందే శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఆ కబురు అందుకొని ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. అనే హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఎల్.హెచ్. అందితేనే వృషణాలు టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోనును తయారుచేస్తాయి. ఎఫ్.ఎస్.హెచ్. వీర్యకణాల తయారీకి తోడ్పడుతుంది. మెదడు వదిలే ఆ మొదటి హార్మోను నిర్మాణాన్ని 1971లో ఆండ్రూ షాలీ బృందం పందుల మెదళ్ళ నుండి తీసి తెలుసుకున్నది. 1977లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. దేవుడు పందికీ, పొట్టేలుకూ, మనిషికీ ఒకే ఏర్పాటు చేశాడు. ఎదకు వచ్చిన గొర్రెల మధ్య వదిలిన పొట్టేలు రక్తంలో టెస్టోస్టిరాన్ పెరగడం కూడా మెదడు పనే.

మన పోచంపాడు డ్యాము సంగతి మీకు తెలిసిందే. కాలువలో నీరు ఎక్కువైతే పైన గేట్లు దించుతారు, తగ్గితే ఎత్తుతారు. మెదడూ అంతే. విత్తులు కొట్టించిన ఎద్దులో టెస్టోస్టిరాన్ రాదు గనుక పిట్యూటరీ మరింతగా హార్మోన్లు పంపుతూనే ఉంటుంది. రిపోర్టులో ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్. ఎక్కువుండి టెస్టోస్టిరాన్ తక్కువుంటే లోపం వృషణాలలో ఉన్నట్లు. గవదబిళ్ళలు వచ్చినపుడు వృషణాలు వాచిన కొందరికి ఇలా అవుతుంది. మూడూ తక్కువైతే మాత్రం తలవైపు చూడాలి. పిట్యూటరీలో చిన్న గడ్డ ఉంటే తలనొప్పి, పక్కచూపు తగ్గడం, కోరిక తగ్గడం కనిపించవచ్చు. గడ్డ అనగానే బెదరకండి, వీటిలో చాలావాటికి మాత్రలే సరిపోతాయి.

ఇక "బలానికి" అంటూ కొందరు యువకులు టెస్టోస్టిరాన్ ఇంజక్షన్లు వేయించుకుంటున్నారు. రక్తం నిండుగా ఉందనుకొని మెదడు గేట్లు దించేస్తుంది. వృషణాలు చిన్నవై వీర్యకణాలు పడిపోతాయి, ఒక్కోసారి పూర్తిగా లేకుండా పోతాయి. మానేశాక తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఇంట్లో మాటలు పడేది మాత్రం కోడలు!

టెస్టోస్టిరాన్ ఉదయం ఎక్కువగా ఉంటుంది. అందుచేత రక్త పరీక్షకు పది గంటలలోపు రండి. వేయించుకున్న ఇంజక్షన్ల సీసాలు, వాడిన పొడుల డబ్బాలు వెంట తెచ్చి డాక్టరుగారికి చూపించండి.