మ్యూజియములో మాయాదర్పణము

పిల్లలను మ్యూజియమునకు దీసికొనిపోవు తల్లులకు ఒక చిక్కు తప్పదు. మొదటి గదిలో నూరు ప్రశ్నలడిగిన బిడ్డలే మూడవ గది దాటునప్పటికి కాళ్లు నొచ్చుచున్నవి, ఇంటికి పోదమందురు. అద్దపు బీరువాలలోని ఎముకలు కదలవు, పలుకవు. ఈ కొఱత దీర్చుటకు ‘ఆగ్మెంటెడ్ రియాలిటీ’ అను విద్య యొకటి వచ్చినది. దీని మంచిచెడ్డలను సోదరీమణులకు దెలుప దలచితిమి.

ఇందలి కిటుకు కఠినమైనది కాదు. సెల్‌ఫోను కెమెరాను వస్తువువైపు ద్రిప్పినచో, అందలి యాప్ దాని ఆకారమును గుర్తించి, అది యెంత దూరమున, ఏ వాలున నున్నదో లెక్కగట్టి, తగిన బొమ్మను తెరపై ఆ వస్తువుమీదనే నిలుపును. మనము ప్రక్కకు జరిగినచో బొమ్మయు నట్లే తిరుగును.

అమెరికాలో వాషింగ్టన్ నగరమందలి స్మిత్‌సోనియన్ ప్రకృతిచరిత్ర మ్యూజియమున అస్థిపంజరముల శాల కలదు. 2015లో ఆ శాలకొఱకు ‘స్కిన్ అండ్ బోన్స్’ అను యాప్‌ను వెలువరించిరి. దానితో జూచినవారికి ఎముకల గూడుపై చర్మమేర్పడి, గబ్బిలము లేచి కదలినట్లు తోచెను. 2017లో డిట్రాయిట్ కళామ్యూజియమువారు మమ్మీ లోపలి యెముకలను ఇట్లే చూపిరి. అయితే ఆ యేర్పాటునకు ఆధారమైన గూగుల్ వారి ‘టాంగో’ 2018లోనే నిలిపివేయబడినది. వేల యేండ్ల మమ్మీకంటె నిన్నటి యంత్రమే ముందు పాతబడుట గమనింపదగినది.

ఇక పారిస్ ప్రకృతిచరిత్ర మ్యూజియమున 2021లో నేర్పఱచిన ప్రదర్శన మఱింత ఆలోచింపజేయును. అందు చూపరులు ప్రత్యేకపు అద్దములు ధరింపగా, భూమిపై నశించిన జంతువులు ఎదుట సంచరించును. వానిలో సముద్రధేను వొకటి. దీనిని 1741లో స్టెల్లర్ అను శాస్త్రజ్ఞుడు బేరింగ్ దీవియొద్ద చూచి వర్ణించెను. ఎనిమిది మీటర్ల పొడవుండియు సముద్రపు నాచు మేయుచు బ్రదుకు సాధుజంతువది. మాంసమునకై వేటాడగా 27 ఏండ్లలో, అనగా 1768 నాటికి, అది సమూలముగ నశించెను. టాస్మేనియా పులియు నిందు గలదు. మనుజుల కెఱుకలో చివరిదైన ఆ పులి 1936 సెప్టెంబరు 7న హోబార్ట్ జంతుశాలలో మరణించెను.

ఇచ్చటనే తల్లి నోరు విప్పవలెను. తెరపై లేచిన జంతువును జూచి, అది నిజముగ బ్రదికినదని చిన్నబిడ్డ తలంచును. అద్దములు తీసినంతనే మిగులునవి ఎముకలే యనియు, పోయిన జాతిని బొమ్మ తిరిగి తేజాలదనియు తల్లియే తెలుపవలెను. ఆ మాట విన్న బిడ్డ, నేడున్న జీవుల నైనను కాపాడవలెనని తనంత తానే గ్రహించును.

కావున మా సలహా యిది. యాప్‌ను ఇంటియొద్దనే దించుకొని, ఫోనును నిండుగ ఛార్జి చేసికొని బయలుదేరుడు. ఇంటిల్లిపాదికి ఒక ఫోను చాలును. మొదట వస్తువును వట్టికన్నుల జూపి, “ఇది యెట్లు నడచెడిదో చెప్పుము” అని బిడ్డ నడుగుడు; తరువాత ఫోనులో జూపుడు; ఫోను మూసి మఱల వస్తువును జూపుడు. తెరను జూచుచు నడచినచో బీరువాలకు దగులుదురు గాన, నిలిచియే చూడవలెను. ఒక రాకలో నాలుగైదు వస్తువులకు మించవలదు. కూరకు ఉప్పువలె యంత్రమును మితముగ వాడిననే రుచి. తల్లు లీ విషయమును గమనింతురు గాక.