రివాల్వరు కొనేముందు

రివాల్వరా, స్త్రీల కార్యక్రమంలోనా అని తరుగుతున్న కూర ఆపేశారా? నేనూ అలాగే ఉలిక్కిపడ్డానండి, మేడిపల్లి నుంచి మా వదిన ఫోను చేసినప్పుడు. అన్నయ్య సైన్యంలో చేసి రిటైరైనవాడు. లైసెన్సు వచ్చింది. తెలిసినవారొకరు తమ పాత .32 రివాల్వరు అమ్ముతామన్నారట. "అది ఉండేది నా ఇంట్లో కదా, నేను చూడకుండా ఎలా? నువ్వూ రా" అంది వదిన. న్యాయమే కదా!

2014లో కాన్పూరు కర్మాగారం ఆడవారి కోసమని ‘నిర్భీక్’ అనే రివాల్వరు తెచ్చింది, గుర్తుందా? బరువు అర కిలో, ధర లక్షా ఇరవై రెండు వేల పైచిలుకు! బెండకాయ కూడా కొస తుంచి చూసి కొనేవాళ్ళం మనం.

అన్నయ్య దాన్ని అందుకోగానే చేసిన మొదటి పని తెరిచి చూడటం. ఖాళీ అని అవతలివారు చెప్పినా సరే, తూటాలుండే ఆరు గదులూ కళ్ళతో చూడాల్సిందే. మూతి ఎవరి వైపూ తిప్పకూడదు. అమ్మేవారిని అడక్కుండా ఉత్తినే ట్రిగ్గరు నొక్కకూడదు.

మన దేశపు .32 రివాల్వరు చాలావరకు మధ్యకి విరిచి తెరిచే రకం. అందుకని మూసిన తర్వాత గొట్టం ఒక చేత్తో, పిడి ఒక చేత్తో పట్టుకుని మెల్లిగా కదపాలి. వదులైన తలుపు బందులా టకటకమంటే కీలు అరిగిందన్నమాట. తెరిచినప్పుడు గొట్టం వెనక తెల్లకాగితం పెట్టి మూతి నుంచి చూస్తే లోపల మెలితిరిగిన గాళ్ళు స్పష్టంగా కనబడాలి. గుంటలుంటే తుప్పు తిన్నదని, నల్లటి వలయం కనబడితే గొట్టం లోపల ఉబ్బిందని అనుమానించాలి.

అసలు కిటుకు చక్రంలో ఉంది. సిలిండరు అంటారు గానీ మన గ్యాసు బండ గుర్తొస్తుందని చక్రమంటున్నాను. వెనక ఉన్న సుత్తిని బొటనవేలితో నెమ్మదిగా లాగితే చక్రం ఒక గది తిరిగి, సుత్తి పూర్తిగా వెనక్కి వచ్చేసరికి గట్టిగా బిగుసుకోవాలి. ఒకటి చూసి వదిలేయకుండా ఆరూ చూడాలి. గది గొట్టానికి సూటిగా నిలవకపోతే తూటా అంచుకి కొట్టుకుంటుంది, సీసపు తునకలు పక్కకి చిమ్ముతాయి. కాల్చేవారి చెయ్యీ కన్నూ ఏమవుతాయో చెప్పాలా? లాగి నిలిపిన సుత్తిని వేలితో నెట్టినా పడకూడదు.

నలుపు నిగనిగ చూసి నేను మురిసిపోయాను. అన్నయ్య నవ్వి మరల తలలు చూపించాడు, అన్నీ చెక్కుకుపోయి ఉన్నాయి. తెలియని చెయ్యేదో విప్పిందన్నమాట. పాతదానికి కొత్త పూత ఉంటే, చెక్కిన నంబరు చెరిగిందేమో చూడాలి. ఆ నంబరూ అమ్మేవారి లైసెన్సులోని నంబరూ ఒకటే కావాలి. పైగా సొంతదారు అమ్మాలంటే 45 రోజుల ముందే అధికారులకి రాసి తెలపాలి. ఆ కాగితం అడగడానికి మొహమాటమెందుకు?

కాగితాలన్నీ బాగానే ఉన్నాయి. చక్రమే, అయిదో గది దగ్గర బిగుసుకోలేదు. అన్నయ్య మూడుసార్లు తిప్పి చూసి, నమస్కారం పెట్టి ఇచ్చేశాడు. దానికోసం ముందే కొన్న తాళం పెట్టెలో ప్రస్తుతం వదిన ఇంటి పన్ను రశీదులు పెట్టుకుంది.