అటక మీది ప్లేట్లు అందరూ వినాలంటే...

హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో మూడు రోలాండ్ యంత్రాలు ముందేసుకుని, పది రాగాల్ని డిస్కో బీట్ మీద వాయించారు. మనం మోహన అనేది అందులో భూపాలీ, మన హిందోళం మాల్కౌన్స్. హెచ్‌ఎంవీ వేసిన ఆ ఎల్పీని అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. షికాగోలో ‘యాసిడ్ ట్రాక్స్’ వచ్చి కొత్త సంగీతం పుట్టిందని ప్రపంచం ఊగిపోయింది 1987లో! అలాంటి మోత మనాయన ఐదేళ్ల ముందే మోగించారని లోకానికి తెలిసింది మాత్రం 2010లో, నెదర్లాండ్స్ సేకర్త ఎడో బౌమన్ ఆ రికార్డును మళ్లీ విడుదల చేశాక. పాత కాపీ ఒకటి మిగలబట్టి సరిపోయింది.

మరి మా వరంగల్ అటకల మీద ఏమున్నాయో! ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాను బండికి వేసేస్తే అంతే సంగతులు.

వీటిని డిజిటల్ చేయడం బ్రహ్మవిద్యేం కాదు. కాకపోతే పద్ధతి ఉంది. 78 ప్లేటు గాడి వెడల్పు, ఎల్పీ గాడి సన్నం. కాబట్టి దేని సూది దానిదే. 78 ప్లేటు లక్కతో చేసింది, స్పిరిట్‌తో తుడిస్తే కరుగుతుంది. ఎల్పీ వేడికి వంగిపోతుంది. రెండింటినీ పుస్తకాల్లా నిలబెట్టే ఉంచాలి. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో వావ్ ఫైలుగా ఎక్కిస్తే నలభై నిమిషాల ఎల్పీ ఒకటిన్నర జీబీ కూడా కాదు.

సాఫ్ట్‌వేర్ వాడిగా ఒక హెచ్చరిక. గరగర తీసే ప్రోగ్రాములు డ్రమ్ మెషిన్ కొట్టే పదునైన దెబ్బని కూడా గీత అనుకుని కొరికేయగలవు. శుభ్రం చేసిన కాపీ వినడానికి. ముట్టుకోని కాపీ దాచడానికి.

అందరికీ వినిపించడం దగ్గరే అసలు చిక్కు. మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1982లో విడుదలైనదానికి 2042 చివరిదాకా. పాట రాసినవాళ్ల, స్వరపరిచినవాళ్ల హక్కులు వేరే. కాబట్టి యూట్యూబ్‌లో పెట్టేస్తే కుదరదు. కానీ 2012 సవరణ ఒక దారి చూపింది. లాభాపేక్ష లేని పౌర గ్రంథాలయం దగ్గర అసలు ప్లేటు ఉంటే, భద్రపరచడానికి డిజిటల్ కాపీ చేసుకోవచ్చు. అరవై ఏళ్లూ నిండేదాకా ప్లేటు ఆగకపోవచ్చు, ఫైలు ఆగుతుంది.

నిజాం జమానాలో, 1904లోనే హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం పెట్టి తెలుగు పుస్తకాన్ని నిలబెట్టుకున్న ఊరు మాది. ఇప్పుడు గ్రంథాలయాల్లో ప్లేట్లకి కూడా ఒక బీరువా కావాలి. మీ ఇంట్లో ఉంటే ముందు లేబుల్‌నీ, దాని మీది నంబర్‌నీ, అట్టనీ ఫోటో తీయండి. తర్వాత దగ్గర్లోని లైబ్రరీలో అడగండి, తీసుకుంటారేమో.